అమెరికా పాఠశాలల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ సేవలు అందనప్పుడు రాష్ట్ర విద్యాశాఖకు ఫిర్యాదు చేసే విధానం

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో చదువుతున్న ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఐఈపీలో (ఒక్కో పిల్లవాడికి విడిగా రాసే విద్యా ప్రణాళికలో) రాసిన సేవలు అందనప్పుడు, మదింపు (పిల్లవాడికి ప్రత్యేక సేవలు అవసరమా అని తేల్చే పరీక్షల) గడువులు దాటిపోయినప్పుడు, లేదా పాఠశాల చట్టప్రకారం ఇవ్వవలసిన నోటీసు ఇవ్వనప్పుడు, తల్లిదండ్రులు ఆ రాష్ట్ర విద్యాశాఖకు నేరుగా ఫిర్యాదు చేసుకోవచ్చు. అక్కడి వాడుకలో దీన్ని స్టేట్ కంప్లైంట్ అంటారు. 1975లో వచ్చి, 1990లో ‘ఐడియా’ అనే పేరు పొంది, 2004లో సవరణలు జరిగిన ఫెడరల్ చట్టం కింద ప్రతి రాష్ట్రమూ ఈ ఏర్పాటును నడిపి తీరాలి. దీనికి లాయరు అక్కర్లేదు, కోర్టుకు వెళ్లే పనీ లేదు.

అయినా మన తెలుగు కుటుంబాల్లో ఈ దారి దాకా వచ్చేవారు తక్కువ. పాఠశాలతో తగువు ఎందుకని కొందరు, వీసా మీద ఉన్నవాళ్లకు ఫిర్యాదులు ఎందుకని కొందరు ఆగిపోతారు. మొదటి సంకోచం అర్థం చేసుకోదగినదే కానీ రెండోదానికి ఆధారం లేదు. ఈ చట్టం ఇచ్చే హక్కులు తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడి ఉండవు. వలస పత్రాలు లేని పిల్లలకు సైతం ప్రభుత్వ పాఠశాల చదువు నిరాకరించరాదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్ కేసులో తీర్పు చెప్పింది. ఫిర్యాదులో ఉండాలని చట్టం చెప్పే వివరాల్లోనూ వీసా ప్రస్తావన లేదు.

ఏ విషయాల మీద ఫిర్యాదు చేయవచ్చు

ఫిర్యాదు రాయడానికి కూర్చునే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. పాఠశాల తీరు మనకు నచ్చకపోవడం వేరు, పాఠశాల నిబంధనను ఉల్లంఘించడం వేరు. రాష్ట్ర విద్యాశాఖ విచారించేది రెండోదాన్నే. టీచరు పిల్లవాడి మీద శ్రద్ధ పెట్టడం లేదన్న మాట నిజమే అయినా, దాన్ని పట్టుకుని విచారణాధికారి చేయగలిగేది ఏమీ ఉండదు. అదే, ఐఈపీలో వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీ అని రాసి ఉండగా మూడు నెలలుగా థెరపిస్టే లేరని చెబితే, రికార్డులు తెప్పించి చూసి ఆయన ఒక నిర్ణయానికి రాగలరు.

మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే సందర్భాల్లో మొదటిది మదింపులో జాప్యం. తల్లిదండ్రులు రాతపూర్వకంగా సమ్మతి ఇచ్చిన తర్వాత 60 రోజుల్లో తొలి మదింపు పూర్తికావాలని ఫెడరల్ నిబంధన చెబుతుంది. రాష్ట్రం తన సొంత గడువు పెట్టుకుని ఉంటే అదే వర్తిస్తుంది. ఉదాహరణకు టెక్సస్‌లో సాధారణంగా అది 45 స్కూలు పనిదినాలు. పిల్లవాడికి సేవలు అవసరమని తేలిన 30 రోజుల్లోపు ఐఈపీ సమావేశం జరగాలి. టెక్సస్‌లో ఆ సమావేశాన్ని ఏఆర్‌డీ అంటారు కనుక, న్యూజెర్సీ నుంచి డాలస్‌కు మారిన కుటుంబాలు పేరు చూసి తికమక పడనక్కర్లేదు. ‘ముందు తరగతిలోనే కొంత అదనపు సహాయం ఇచ్చి చూద్దాం, ఆ తర్వాత మదింపు సంగతి ఆలోచిద్దాం’ అని పాఠశాలలు చెప్పడం మామూలే. అయితే ఆ సహాయం పేరుతో మదింపును వాయిదా వేయడానికి గాని నిరాకరించడానికి గాని వీల్లేదని ఫెడరల్ విద్యాశాఖలోని స్పెషల్ ఎడ్యుకేషన్ కార్యాలయం 2011లో అన్ని రాష్ట్రాలకూ రాతపూర్వకంగా తెలియజేసింది.

రెండోది ఊరు మారడం. ప్రాజెక్టుల కోసం విద్యాసంవత్సరం మధ్యలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే సాఫ్ట్‌వేర్ కుటుంబాలు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. కొత్త స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలను నడిపే స్థానిక సంస్థ) తన మదింపు తాను అవసరమైతే చేసుకోవచ్చు, కొత్త ఐఈపీ రాసుకోవచ్చు. కానీ అంతవరకూ, తల్లిదండ్రులతో సంప్రదించి, పాత ఐఈపీలోని సేవలతో సమానమైన సేవలు అందించాలి. ‘మా మదింపు అయ్యేదాకా ఏమీ ఇవ్వలేం’ అనడం ఉల్లంఘనే. ఈ రక్షణ అమెరికాలోని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారినప్పటిదే. హైదరాబాదులోనో విజయవాడలోనో రాయించుకున్న ప్రణాళికకు ఇది వర్తించదు. అక్కడి నుంచి తెచ్చిన నివేదికలను మదింపు చేసేవారి ముందు ఉంచడం మాత్రం మంచిది, ఎందుకంటే తల్లిదండ్రులు ఇచ్చే సమాచారాన్నీ వారు పరిశీలించాలి.

మూడోది భాష. ఐఈపీ సమావేశంలో జరుగుతున్నది తల్లిదండ్రులకు అర్థమయ్యేలా పాఠశాల చర్యలు తీసుకోవాలి, వారి మాతృభాష ఇంగ్లీషు కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయడం కూడా అందులో భాగమే. తండ్రికి ఇంగ్లీషు బాగా వచ్చు కదా అని తల్లికి అర్థం కాకపోయినా సమావేశం నడిపించేయడం మన ఇళ్లలో జరిగేదే. రోజంతా పిల్లవాడితో ఉండే మనిషి తల్లే అయినప్పుడు, ఆమె మాట నమోదు కాని సమావేశం వల్ల నష్టం పిల్లవాడికే. కనుక సమావేశానికి చాలా రోజుల ముందే తెలుగు దుబాసీ కావాలని ఈమెయిల్‌లో అడిగి ఉంచుకోవాలి. అడిగినా ఇవ్వకపోతే ఆ ఈమెయిలే సాక్ష్యం.

పాఠశాల ఒక సేవను తగ్గించాలనుకున్నా, తల్లిదండ్రులు అడిగినదాన్ని కాదన్నా, కారణాలతో సహా ముందస్తు లిఖిత నోటీసు ఇవ్వాలి. నోటితో కాదనేసి కాగితం ఇవ్వకపోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఫిర్యాదుల్లో సులువుగా రుజువయ్యే ఉల్లంఘనల్లో ఇదొకటి.

ఐఈపీ లేకుండా కేవలం 504 ప్లాన్ (వైకల్యం ఉన్న విద్యార్థికి పాఠశాలలో సర్దుబాట్లు కల్పించే, వేరే చట్టం కింది ప్రణాళిక) ఉన్న పిల్లల విషయం ఈ ఫిర్యాదు కిందికి రాదు. వైకల్యం కారణంగా చూపే వివక్ష, ఫిర్యాదు చేసినందుకు కక్షసాధింపు వంటివి ఫెడరల్ విద్యాశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి వెళ్లాలి. అక్కడ గడువు సాధారణంగా 180 రోజులే కాబట్టి ఆలస్యం చేయకూడదు.

గడువు, రాయవలసిన వివరాలు

ఉల్లంఘన జరిగిన తేదీకీ ఫిర్యాదు విద్యాశాఖకు అందిన తేదీకీ మధ్య ఒక సంవత్సరానికి మించి ఉండకూడదు. లెక్కలోకి వచ్చేది మనం పంపిన తేదీ కాదు, వారికి చేరిన తేదీ. తల్లిదండ్రులే కాక, ఏ వ్యక్తి అయినా, ఏ సంస్థ అయినా, వేరే రాష్ట్రంలో ఉన్నవారైనా ఫిర్యాదు చేయవచ్చు. అయితే సంతకం తప్పనిసరి కనుక ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు.

ప్రతి రాష్ట్ర విద్యాశాఖా ఒక నమూనా ఫారం సిద్ధం చేసి ఉంచాలి, దాన్నే వాడాలని మాత్రం నిర్బంధించకూడదు. ఫారం నింపినా, విడిగా లేఖ రాసినా అందులో ఉండవలసినవి ఇవి: ఫలానా స్కూల్ డిస్ట్రిక్ట్ ఐడియా చట్టాన్ని లేదా దాని నిబంధనలను ఉల్లంఘించిందన్న ప్రకటన, దానికి ఆధారమైన వాస్తవాలు, ఫిర్యాదుదారు సంతకం, చిరునామా, ఫోను వంటి సంప్రదింపు వివరాలు. విషయం ఒక పిల్లవాడికి సంబంధించినదైతే అతని పేరు, నివాస చిరునామా, పాఠశాల పేరు, సమస్య వివరణ, మనకు తోచినంతలో దానికి పరిష్కారం కూడా రాయాలి. నిబంధన సంఖ్యలు తెలిసి ఉండాల్సిన పని లేదు, జరిగింది స్పష్టంగా చెబితే చాలు.

వాస్తవాలు రాసే పద్ధతి మీదే ఫిర్యాదు బలం చాలావరకు ఆధారపడుతుంది. చదివే అధికారికి మీ కుటుంబం తెలియదు, పాఠశాలా తెలియదు. ఆయన ముందు ఉండేవి కాగితాలే. అందువల్ల ఒక్కో ఉల్లంఘనకు ఒక్కో పేరా కేటాయించి, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆధారం ఏ కాగితంలో ఉంది అన్న వరుసలో రాయడం మేలు. ఊహించి రాసిన ఒక నమూనా పేరా ఇలా ఉంటుంది:

‘మా అబ్బాయి ఐఈపీ నాలుగో పేజీ ప్రకారం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 30 నిమిషాల చొప్పున స్పీచ్ థెరపీ ఇవ్వాలి. సెప్టెంబరు మొదటి వారం నుంచి 11 వారాలపాటు థెరపిస్టు లేనందువల్ల ఒక్క సెషన్ కూడా జరగలేదు. మొత్తం 22 సెషన్లు, అంటే 11 గంటలు నష్టపోయాడు. ఈ సంగతిని అంగీకరిస్తూ కేస్ మేనేజర్ రాసిన ఈమెయిల్‌ను జత చేస్తున్నాము. నష్టపోయిన 11 గంటలను సాధారణ సెషన్లకు అదనంగా ఈ విద్యాసంవత్సరం ముగిసేలోపు ఇప్పించవలసిందిగా కోరుతున్నాము.’

ఇందులో కోపం లేదు, ఎవరి ఉద్దేశాల మీదా వ్యాఖ్య లేదు. పదేళ్ల చరిత్రంతా రాసి మధ్యలో అసలు విషయం ఇరికించిన ఫిర్యాదు కంటే ఇలాంటి నాలుగు వాక్యాలు ఎక్కువ పని చేస్తాయి. కోరే పరిష్కారం కూడా కొలవదగినదై ఉండాలి. ‘న్యాయం చేయండి’ అని రాస్తే, ఏది న్యాయమో తేల్చే బాధ్యత అధికారికే వదిలేసినట్లు అవుతుంది.

ఆధారాల విషయానికి వస్తే, ప్రస్తుత ఐఈపీ, ప్రగతి నివేదికలు, పాఠశాలతో నడిచిన ఈమెయిళ్లు, మదింపు సమ్మతి పత్రం ముఖ్యమైనవి. సెషన్ల హాజరు పట్టిక దొరికితే ఇంకా మంచిది. పిల్లవాడి రికార్డులు చూపమని తల్లిదండ్రులు కోరితే పాఠశాల అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు మించకుండా చూపాలి. కనుక ఫిర్యాదుకు ముందే రికార్డులు అడగడం మంచి పద్ధతి, కాకపోతే ఆ నిరీక్షణలో ఏడాది గడువు జారిపోకుండా చూసుకోవాలి. ఫోనులో మాట్లాడిన విషయాలను అదే రోజు ‘ఇవాళ మీరు చెప్పినది నాకు ఇలా అర్థమైంది’ అంటూ ఈమెయిల్‌లో పెడితే, నోటిమాట కూడా కాగితం మీదికి వస్తుంది.

దాఖలు చేసిన తర్వాత

ఫిర్యాదును రాష్ట్ర విద్యాశాఖకు పంపేటప్పుడే ఒక ప్రతిని స్కూల్ డిస్ట్రిక్ట్‌కు కూడా పంపాలి. చాలామంది మరచిపోయేది ఇదే. డిస్ట్రిక్ట్‌కు తెలియకుండా చేద్దామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవాలి, నిబంధన అందుకు ఒప్పుకోదు. ఈమెయిల్, తపాలా, ఆన్‌లైన్ పోర్టల్ వంటివాటిలో ఏది చెల్లుతుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ వివాద పరిష్కార విభాగాన్ని చూసుకోవాలి. ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ నిధులతో నడిచే తల్లిదండ్రుల శిక్షణ, సమాచార కేంద్రం కనీసం ఒకటి ఉంటుంది. ఈ విషయాల్లో తల్లిదండ్రులకు దారి చూపడం వారి పని, కాబట్టి ఫిర్యాదు పంపే ముందు వారిని సంప్రదించడం మేలు.

ఫిర్యాదు అందిన నాటి నుంచి 60 క్యాలెండర్ రోజుల్లో విద్యాశాఖ లిఖిత నిర్ణయం ఇవ్వాలి. ఈలోగా ఫిర్యాదుదారుకు నోటితో గాని రాతలో గాని అదనపు సమాచారం ఇచ్చే అవకాశం కల్పించాలి, డిస్ట్రిక్ట్‌కు జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి, అవసరమని తోస్తే అధికారులు పాఠశాలకు వెళ్లి స్వయంగా విచారించాలి. ఆ ఫిర్యాదుకే ప్రత్యేకమైన అసాధారణ పరిస్థితులు ఉంటే, లేదా మధ్యవర్తిత్వం వంటి మార్గం కోసం ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మాత్రమే గడువు పొడిగించవచ్చు. మధ్యవర్తిత్వం స్వచ్ఛందం, దాని ఖర్చు రాష్ట్రానిది. డిస్ట్రిక్ట్ ప్రతినిధి ఫోను చేసి ‘అన్నీ సరిచేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి’ అంటే, ఏమేం ఎప్పటిలోగా చేస్తారో సంతకంతో రాసిచ్చిన తర్వాతే ఆ మాట ఆలోచించాలి.

ఉల్లంఘన జరిగిందని తేలితే, ఆ పిల్లవాడి అవసరాలకు తగిన దిద్దుబాటు చర్యలను విద్యాశాఖ ఆదేశిస్తుంది. పోయిన గంటలకు బదులు గంటలు ఇప్పించడం, తల్లిదండ్రులు సొంత డబ్బుతో చేయించిన థెరపీ ఖర్చు తిరిగి ఇప్పించడం వంటివి ఇందులో ఉండవచ్చు. అంతేకాక ఆ డిస్ట్రిక్ట్‌లోని వైకల్యం ఉన్న పిల్లలందరికీ ఇకముందు సేవలు సరిగా అందేలా చూడటమూ పరిష్కారంలో భాగమేనని నిబంధన చెబుతుంది. దీని విలువ తక్కువ కాదు. థెరపిస్టు లేని పాఠశాలలో నష్టపోయేది ఒక్క పిల్లవాడే కాదు కనుక, ఒకే సమస్య ఉన్న తల్లిదండ్రులు కలిసి, ఆ విధానం మీదనే ఫిర్యాదు చేయవచ్చు. తప్పు రాష్ట్ర స్థాయిలోనే ఉండడమూ జరగనిది కాదు: స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే విద్యార్థుల వాటాకు 8.5 శాతాన్ని కొలబద్దగా పెట్టుకున్న టెక్సస్, అర్హులైన పిల్లలను గుర్తించే బాధ్యతలో విఫలమైందని ఫెడరల్ విద్యాశాఖ 2018 జనవరిలో తేల్చింది. రాష్ట్ర విద్యాశాఖ తీరు మీద కూడా ఈ పద్ధతిలోనే ఫిర్యాదు చేసే వీలుంది.

డ్యూ ప్రాసెస్ అనే విచారణ దీనికి వేరు. అది న్యాయస్థానం తరహాలో సాక్షులతో సాగుతుంది, ఫెడరల్ నిబంధనల్లో దానికి గడువు సాధారణంగా రెండేళ్లు, లాయరు లేకుండా నెగ్గుకురావడం కష్టం. పిల్లవాణ్ని వేరే తరగతికో పాఠశాలకో మార్చడం మీద గట్టి విభేదం ఉంటే అదే తగిన దారి, ఎందుకంటే ఆ విచారణ సాగుతున్నంతకాలం పిల్లవాడు ఉన్నచోటే ఉండే రక్షణ దానికుంది, స్టేట్ కంప్లైంట్‌కు లేదు. ఒకే అంశం మీద రెండూ దాఖలైతే, విచారణ ముగిసేదాకా ఆ అంశం వరకు ఫిర్యాదును పక్కన పెడతారు. నిర్ణయం మనకు వ్యతిరేకంగా వస్తే పునఃపరిశీలన ఉంటుందా లేదా అనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. గడువు మిగిలి ఉంటే అదే అంశం మీద డ్యూ ప్రాసెస్‌కు వెళ్లే అవకాశం మాత్రం ఉంటుంది.

నిర్ణయం మనకు అనుకూలంగా వచ్చినా పని అయిపోయినట్లు కాదు. లోపాన్ని గుర్తించిన తర్వాత వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా ఏడాదిలోపు సరిదిద్దేలా చూడవలసింది రాష్ట్రమే. ఆదేశించిన గంటల్లో ఎన్ని అందాయో తల్లిదండ్రులు తేదీలవారీగా రాసుకుంటూ ఉండాలి. ఆదేశంలోని తేదీ దాటినా సేవ మొదలుకాకపోతే, నిర్ణయం సంఖ్యను ప్రస్తావిస్తూ అదే కార్యాలయానికి మళ్లీ రాయాలి.