శాసనసభకు వచ్చే నివేదికలు చదవడం – 4వ పాఠం: తిరస్కరణల కాలమ్‌లో కనిపించని దరఖాస్తులు

పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. రాష్ట్ర సమాచార కమిషన్ వార్షిక నివేదికలోంచి ఒక శాఖ పట్టిక తీసుకుని, ఆ శాఖ జనానికి సమాచారం ఎలా ఇస్తోందో చెప్పమన్నాను. ఎక్కువమంది ఒకే దారి పట్టారు. తిరస్కరించిన సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తులను వచ్చిన దరఖాస్తులతో భాగించి, శాతం తక్కువ వచ్చింది కాబట్టి శాఖ భేషుగ్గా ఉందని తేల్చేశారు. భాగహారం సరిగ్గానే చేశారు, తేల్చిన మాటే తప్పు. ఈసారి చెబుతానన్న విద్యుత్ నియంత్రణ మండలి నివేదికను వచ్చే పాఠానికి జరిపి, ముందు ఈ చిక్కు విప్పుకుందాం.

ఒక శాఖకు ఏడాదిలో 1,000 దరఖాస్తులు వచ్చాయనుకోండి. 600 మందికి సమాచారం ఇచ్చారు. 20 మందికి ఇవ్వం అని రాసి పంపారు. మిగతా 380 మందికి గడువు దాటినా ఏ జవాబూ లేదు. తిరస్కరణ శాతం ఎంత? 2. చూడ్డానికి చాలా బాగుంది.

సమాచార హక్కు చట్టం 7వ సెక్షన్ ప్రకారం మామూలు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తిరస్కరించినట్టే లెక్క అని అదే సెక్షన్‌లో ఉంది. అంటే అసలు తిరస్కరణలు 400. మరి ఆ 380 పట్టికలో ఎందుకు లేవు? నివేదికలో ఏమేం ఉండాలో చెప్పేది 25(3). అక్కడ అడిగింది, సమాచారం పొందే అర్హత లేదంటూ తీసుకున్న నిర్ణయాల సంఖ్య, ఏ సెక్షన్ కింద తీసుకున్నారు, ఆ సెక్షన్‌ను ఎన్నిసార్లు వాడారు అన్నది. జవాబే రాయని అధికారి నిర్ణయమూ రాయలేదు, సెక్షనూ చూపలేదు. అందుకే ఆయన ఆ కాలమ్‌లోకి రాడు. వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె) కింద ఇవ్వలేను అని సంతకం పెట్టిన అధికారి మాత్రం వస్తాడు. శాతం ఒక్కటే చూస్తే కారణం రాసి కాదన్న ఆఫీసు చెడ్డదవుతుంది, ఉలుకూ పలుకూ లేని ఆఫీసు మంచిదవుతుంది. నిజాయితీగా కాగితం మీద పెట్టినవాళ్లకు మనం అన్యాయం చేసినట్టే.

అందుకని తిరస్కరణల కాలమ్ నేను చివర చూస్తాను. మొదట చూసేది మిగులు, అంటే ఇంకా పరిష్కరించకుండా ఉండిపోయిన దరఖాస్తులు. పాత మిగులుకు ఈ ఏడాది వచ్చినవి కలిపి, పరిష్కరించినవి తీసేయండి. ఎంత మిగిలింది? పట్టికలో పాత మిగులు ఇవ్వకపోతే గత ఏడాది నివేదిక తీయండి. ఆ తర్వాత మొదటి అప్పీళ్లు, అంటే అదే శాఖలోని పై అధికారికి చేసుకున్న అప్పీళ్లు చూడండి. తిరస్కరణలు 20, మొదటి అప్పీళ్లు 250 ఉన్నాయంటే ఆ మిగతా జనం దేనిమీద అప్పీలుకు వెళ్లారు? అరకొర జవాబు మీదో, అసలు రాని జవాబు మీదో అయ్యుంటుంది. ఇది నిరూపణ కాదు, ఎక్కడ తవ్వాలో చెప్పే గుర్తు.

సెక్షన్ల వారీ మొత్తం తిరస్కరణల కంటే ఎక్కువ వచ్చిందని కొందరు కంగారుపడ్డారు. ఒకే జవాబులో రెండు మూడు సెక్షన్లు రాయొచ్చు కాబట్టి అలా వస్తుంది. తప్పు కాదు.

ఇంకొకరు తెలివిగా వసూలైన రుసుమును 10తో భాగించి దరఖాస్తుల సంఖ్యను సరిచూశారు. ఆలోచన మెచ్చుకోదగిందే, కానీ లెక్క నిలవదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజే లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు. గడువు దాటాక ఇచ్చే సమాచారానికి ఛార్జీ తీసుకోకూడదు. పైగా ఆ మొత్తంలో జిరాక్సు కాపీల డబ్బులూ కలిసే ఉంటాయి.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన మాట: "శాసనసభ ఆమోదించిన అంకెలు కాబట్టి నమ్మొచ్చు." చాలా జవాబుల్లో ఇది ఉంది. పేపర్లలోనూ తరచూ కనిపిస్తుంది. సభ దీన్ని ఆమోదించలేదు. ఎజెండాలో పేరున్న మంత్రి లేచి, ఫలానా పత్రాన్ని సభ ముందు ఉంచుతున్నానని చెబుతారు, కూర్చుంటారు. ఓటింగ్ ఉండదు. అంకెలను సభ్యులెవరూ సరిచూడరు. బిల్లు వేరు, బడ్జెట్ పద్దు వేరు, వాటికి సభ ఒప్పుకోవాలి. ఇక్కడ సభకు తెలియజేయడమే జరుగుతుంది.

పైగా ఈ చట్టంలో ఆ ఏర్పాటు కూడా బలహీనమే. ఏటా నివేదిక తయారుచేసి ప్రభుత్వానికి పంపడం కమిషన్‌కు తప్పనిసరి. దాన్ని ఉభయసభల ముందు ఉంచడం దగ్గరికొచ్చేసరికి 25(4) ప్రభుత్వం ఉంచవచ్చు అనేసి వదిలేసింది. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం చూడండి. అక్కడ రాష్ట్ర కమిషన్ నివేదికతో పాటు, సిఫార్సులపై ఏం చేశారో, ఒప్పుకోనివి ఎందుకు ఒప్పుకోలేదో చెప్పే పత్రాన్నీ ప్రభుత్వం సభలో పెట్టి తీరాలి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలను పట్టి చూడటానికి సభ్యులతో కూడిన ప్రజా పద్దుల సంఘం ఉంది. సమాచార కమిషన్ నివేదికకు ఈ చట్టం ఆ పత్రాన్నీ అడగలేదు, అలాంటి సంఘాన్నీ పెట్టలేదు.

నిబంధనల సంగతీ అంతే. కేంద్రం చేసిన ఆర్టీఐ నిబంధనలను పార్లమెంటు ముందు 30 రోజులు ఉంచాలి, ఉభయసభలూ ఒప్పుకుంటే మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. రాష్ట్రం చేసిన నిబంధనల గురించి 29(2) చెప్పింది శాసనసభ ముందు ఉంచాలని మాత్రమే. 1979లో అట్లాస్ సైకిల్ కేసులో సుప్రీంకోర్టు ఇలా సభ ముందు ఉంచడంలోని మూడు రకాలను విడదీసి చెప్పింది. ఊరికే ఉంచడం, సభ కాదంటే ఆగిపోవడం, సభ ఔనంటేనే అమలవడం. మీ చేతిలో ఏ పత్రం ఉన్నా, మాతృచట్టం, అంటే ఆ పత్రాన్ని సభ ముందు ఉంచమన్న అసలు చట్టం తెరిచి ఇది ఏ రకమో ముందు చూసుకోండి.

అంకెలు ఎక్కడివి అన్నదీ గుర్తుంచుకోండి. శాఖలు తమ పరిధిలోని ఆఫీసుల నుంచి సేకరించి కమిషన్‌కు ఇవ్వాలని 25(2)లో ఉంది. కమిషన్ వాటిని కూర్చుతుంది. ఒక శాఖ ఎదురుగా సున్నా కనిపిస్తే దరఖాస్తులు రాలేదనుకోకండి. వివరాలు పంపని శాఖల జాబితా ఇచ్చారేమో ముందు వెతకండి.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టం, తొందరపడొద్దు. మీ జిల్లాలో మీకు పనిపడే శాఖ ఒకటి ఎంచుకోండి. వరుసగా మూడేళ్ల నివేదికలు తీసుకుని, ఒక ఏడాది చివరి మిగులు, మరుసటి ఏడాది మొదటి మిగులు ఒకటేనా చూడండి. తేడా వస్తే ఆ శాఖ జిల్లా ఆఫీసుకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టి దరఖాస్తుల రిజిస్టర్ నెలవారీ మొత్తాలు అడగండి. మూడు నివేదికల్లోనూ సిఫార్సుల పేజీలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి, మళ్లీ మళ్లీ వచ్చిన సిఫార్సు కింద గీత గీయండి. ఆ సిఫార్సు గురించి మంత్రిని అడిగేలా, మీ ఎమ్మెల్యే గానీ ఎమ్మెల్సీ గానీ సభలో వేయగలిగిన నక్షత్రపు గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న) ఒకటి మూడు వాక్యాలు మించకుండా రాసి నాకు పంపండి. ప్రశ్నలో శాతాలు వద్దు, అసలు సంఖ్యలే ఉండాలి.