సీటు రాకపోతే ఏ కళాశాల? బెంగళూరులోని తెలుగు తల్లిదండ్రులకు

మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటర్ రెండో సంవత్సరం, అంటే ఇక్కడి లెక్కలో సెకండ్ పీయూసీ, చదివే పిల్లలున్న ఇంట జనవరిలో మాటలన్నీ ఐఐటీ, ఎన్ఐటీ, బిట్స్ చుట్టూనే తిరుగుతాయి. ఇవేవీ రాకపోతే ఎక్కడ చేర్చాలన్న ప్రశ్నను అపశకునంగా భావించి ఎవరూ ఎత్తరు. ఆ ప్రశ్న జూలైలో తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. అప్పటికి సగం దరఖాస్తుల గడువు ముగిసిపోయి, మేనేజ్‌మెంట్ కోటా సీట్లు ఇప్పిస్తామనే దళారుల ఫోన్లు మొదలై ఉంటాయి. ప్రత్యామ్నాయ కళాశాలను కోరుకున్న కళాశాల కంటే ముందుగా ఎంచుకోవాలన్నది, ఇద్దరు పిల్లల ప్రవేశాలు దగ్గరుండి చూసిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం. ఈ వ్యాసం ఇంజనీరింగ్ ప్రవేశాలకే పరిమితం.

ప్రత్యామ్నాయం అంటే పేరులో ఒక మెట్టు తక్కువైన కళాశాల అని చాలామంది అనుకుంటారు. ఒక మెట్టు తక్కువైన చోట కూడా సీటు రాకపోవచ్చు, వచ్చినా రుసుము మనకు అందకపోవచ్చు. సీటు దాదాపు ఖాయమై, నాలుగేళ్ళ ఖర్చు అప్పు లేకుండానో భరించగల అప్పుతోనో గట్టెక్కి, పిల్లలు మనస్ఫూర్తిగా వెళ్ళడానికి ఒప్పుకున్న చోటు మాత్రమే ఆ పేరుకు తగుతుంది. చివరి షరతును తల్లిదండ్రులు ఎక్కువగా మరచిపోతారు. 2024లో మా అమ్మాయి కోసం పాత కటాఫ్ జాబితాలను ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరచుకుని, నేను ఎంతో లెక్కవేసి ఇంటికి దగ్గరలోని ఒక కళాశాల పేరు కింద గీత గీస్తే, తను పెన్సిల్ తీసుకుని ఆ పేరును నింపాదిగా కొట్టివేసి, "నాన్నా, అక్కడ సీటొచ్చినా నేను వెళ్ళను, దానికంటే మైసూరు హాస్టల్లో ఉంటాను" అన్నది. ఆ మాట జూలైలో కాక ఫిబ్రవరిలోనే వినబడటం మా అదృష్టం.

కళాశాలల పేర్లకు ముందు మనకు ఏ తలుపులు తెరిచి ఉన్నాయో తేల్చుకోవాలి. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ, అంటే కేఈఏ, నిర్వహించే కేసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ప్రభుత్వ కోటా సీటు పొందాలంటే, సాధారణ నిబంధన ప్రకారం ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు కనీసం ఏడేళ్ళు కర్ణాటకలో చదివి, పదో తరగతో పన్నెండో తరగతో ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. తండ్రి ఉద్యోగం మారి పిల్లవాడు తొమ్మిదో తరగతిలో బెంగళూరు వచ్చిన ఇంట ఈ తలుపు సాధారణంగా మూసుకుపోయినట్లే. కొన్ని మినహాయింపు క్లాజులు ఉన్నాయి కనుక కేఈఏ సమాచార పుస్తకంలో ఆ పేజీలను ఒకటికి రెండుసార్లు చదవండి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చెప్పిన మాటను మాత్రం నమ్మకండి.

సొంత రాష్ట్రం ఉందిగదా అనుకుంటే అక్కడా స్థానికత అడ్డువస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కన్వీనర్ కోటాలో 85 శాతం సీట్లు స్థానికులకే. స్థానికులు కావాలంటే, ప్రధాన నిబంధన ప్రకారం, అర్హత పరీక్ష రాసే సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. కార్పొరేట్ కళాశాల శిక్షణ కోసం పిల్లలను ఇంటర్ రెండేళ్ళకు మాత్రమే విజయవాడకో హైదరాబాదుకో పంపే బెంగళూరు తల్లిదండ్రులు దీన్ని గమనించరు. ఆ పిల్లవాడు అప్పటికే కర్ణాటకలో ఏడేళ్ళు చదివి ఉండకపోతే కేసెట్ సాధారణ నిబంధనకు దూరమవుతాడు. రెండేళ్ళే చదివాడు కనుక అక్కడా స్థానికుడు కాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఎన్ఐటీల విషయంలో మాత్రం పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే సొంత రాష్ట్రం. కాబట్టి కడపలో పుట్టి బెంగళూరులో సెకండ్ పీయూసీ పూర్తిచేసిన విద్యార్థికి సొంత రాష్ట్ర కోటా తాడేపల్లిగూడెంలో కాక సూరత్కల్‌లో వర్తిస్తుంది. రిజర్వేషన్ గురించి కూడా ఒక మాట: ఆంధ్రలోనో తెలంగాణలోనో తీసుకున్న బీసీ ధ్రువపత్రం కర్ణాటక కౌన్సెలింగులో పనికిరాదు కనుక కేఈఏ పట్టికల్లో మనవాళ్ళు సాధారణంగా చూసుకోవలసింది జీఎం, అంటే జనరల్ మెరిట్, అనే నిలువు వరుసను. కళ్యాణ కర్ణాటక ప్రాంతపు అభ్యర్థుల పట్టిక వేరుగా ఉంటుంది. దాన్ని తమ పట్టిక అనుకుని సంబరపడిన వాళ్ళను నేనెరుగుదును.

కేసెట్ అర్హత లేనివారికి ప్రధాన ఆధారం ప్రైవేటు కళాశాలల సంఘం నిర్వహించే ప్రవేశ పరీక్ష అయిన కామెడ్‌కే. ఈ పరీక్షను ఏ రాష్ట్రం వారైనా రాయవచ్చు, బెంగళూరులోని ఆర్.వి., బి.ఎం.ఎస్., ఎం.ఎస్.రామయ్య వంటి పాత ప్రైవేటు కళాశాలల్లో ఒక వాటా సీట్లు దీని ద్వారానే భర్తీ అవుతాయి. అయితే అదే తరగతి గదిలో కేసెట్ ద్వారా చేరిన విద్యార్థి కట్టే రుసుముకూ, కామెడ్‌కే ద్వారా చేరిన విద్యార్థి కట్టే రుసుముకూ చాలా తేడా ఉంటుంది కనుక నాలుగేళ్ళ లెక్క ముందే వేసుకోవాలి. పరీక్షల స్వభావం కూడా వేరు. కేసెట్ ఇంజనీరింగ్ ర్యాంకులో సగం వాటా పన్నెండో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల మార్కులది, మిగిలిన సగం పరీక్షది. పరీక్ష రోజు కొంచెం తడబడినా బోర్డు మార్కులు ఆదుకుంటాయి. కామెడ్‌కేలో 180 ప్రశ్నలకు మూడు గంటల సమయం, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు, బోర్డు మార్కులకు ర్యాంకులో వాటా లేదు. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబులకు మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఇక్కడ మెరుగ్గా రాయడం మామూలే. అందువల్ల జేఈఈ తప్ప మరో పరీక్ష రాయనని పట్టుబట్టే పిల్లలను కూడా ఒప్పించి ఈ రెంటిలో అర్హత ఉన్నదాన్ని తప్పక రాయించండి.

ఇక ర్యాంకులను చదివే పద్ధతి. కేఈఏ, కామెడ్‌కే, ఐఐటీ, ఎన్ఐటీల సీట్లు కేటాయించే జోసా, ఈ మూడూ గత సంవత్సరాల చివరి ర్యాంకులను తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. చాలామంది నిరుటి చివరి విడత అంకెను మాత్రమే చూస్తారు. చివరి విడతలో ర్యాంకులు కిందికి జారతాయి కనుక ఆ అంకె ఆశ పెంచుతుంది, భరోసా ఇవ్వదు. ప్రత్యామ్నాయానికి పనికివచ్చేది మొదటి విడత అంకె. మూడేళ్ళ మొదటి విడత అంకెలు తీసుకుని, వాటిలో అన్నిటికంటే చిన్నదాన్ని మన ర్యాంకుతో పోల్చాలి. ఉదాహరణకు అమ్మాయికి కేసెట్‌లో 18,000 ర్యాంకు వచ్చిందనుకుందాం. ఒక కళాశాలలో ఫలానా బ్రాంచి మొదటి విడత వరుసగా 31,000, 27,500, 29,000 దగ్గర ఆగితే, మనకు లెక్కలోకి వచ్చేది 27,500. అది మన ర్యాంకుకు ఒకటిన్నర రెట్లు, అంటే 27,000, దాటింది కనుక ఆ సీటును ఖాయమని భావించవచ్చు. ఒకటిన్నర రెట్లు అన్నది ఏ సంస్థా చెప్పిన సూత్రం కాదు, నేను పెట్టుకున్న జాగ్రత్త మాత్రమే. కంప్యూటర్ సైన్సుకు దీన్ని ఇంకా పెంచండి, ఆ బ్రాంచి ర్యాంకులు ఏటా ఎటు వెళతాయో చెప్పలేము. పరీక్షకు ముందైతే మాక్ టెస్టుల్లో సగటు మార్కులతో కాక అన్నిటికంటే తక్కువ వచ్చిన మార్కులతో ర్యాంకు ఊహించుకుని ఇదే లెక్క వేయాలి.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు జాబితా పొడవుగా ఉండటం వల్ల నష్టం లేదు. పైనుంచి కిందికి చూసుకుంటూ మన ర్యాంకుకు దొరికే మొదటి సీటునే కేటాయిస్తారు కనుక, కింద ఇరవై పేర్లు అదనంగా ఉన్నంత మాత్రాన పై సీటు చేజారదు. పదకొండు ఆప్షన్లతో ఆపేసి, మొదటి విడతలో ఏ సీటూ రాక బెంబేలెత్తిన కుటుంబం మా వీధిలోనే ఉంది. కోరిక ప్రకారం వరుస పెట్టండి, వచ్చే అవకాశం ప్రకారం కాదు. ఖాయమైన సీట్లను చివర చేర్చండి. కేఈఏ అసలు కేటాయింపుకు ముందు నమూనా కేటాయింపు ప్రకటిస్తుంది. ఆ తరువాత వరుస మార్చుకునే అవకాశం ఉంటుంది. సీటు వచ్చాక ఇచ్చే నాలుగు చాయిస్‌లలో రెండోది, అంటే ఈ సీటును ఉంచుకుని పై ఆప్షన్ల కోసం తరువాతి విడతకు వెళ్ళడం, ప్రత్యామ్నాయం దొరికినవారికి సరైన దారి. మూడోది ఎంచుకుంటే చేతిలోని సీటు పోతుంది కనుక ఆ బటన్ నొక్కేముందు ఇంట్లో ఇద్దరు పెద్దలు చదవాలి. కామెడ్‌కేలోనూ సీటును అంగీకరించి మెరుగైనదానికి ప్రయత్నించే వీలుంది, జోసాలో దాన్ని ఫ్లోట్ అంటారు.

ఖాయమైన సీట్లలో మంచిదేదో ఎలా తెలుసుకోవాలి? నాణ్యతను పరిశీలించి ఇచ్చే వాటిలో న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి ఇస్తారు. మన పిల్లలు చదవబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, అది ఎప్పటివరకు అని చూడండి. 2024-25 నుంచి బ్రాంచి సీట్లపై ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తివేసిన తరువాత కొన్ని కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు, దాని పేరు కలిసిన బ్రాంచిల సీట్లు బాగా పెరిగాయి. ప్రమాణం ప్రకారం ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. కళాశాలకు వెళ్ళినప్పుడు మొదటి సంవత్సరం ఎన్ని సెక్షన్లో, ల్యాబులో ఒక కంప్యూటరుకు ఎందరో, ప్రవేశాల కార్యాలయంలో కాదు, క్యాంటీనులో కూర్చున్న రెండో సంవత్సరం పిల్లలను అడగండి. పదిమందిని అడిగితే నిజం బయటపడుతుంది. ప్లేస్‌మెంట్ల బ్రోచరులోని గరిష్ఠ జీతాన్ని పక్కనపెట్టి, కేంద్రం ఇచ్చే ర్యాంకింగులో పాల్గొన్న కళాశాల అయితే ఎన్ఐఆర్ఎఫ్‌కు సమర్పించిన పత్రంలో మధ్యస్థ జీతం చూడండి.

బెంగళూరు ట్రాఫిక్‌ను తక్కువ అంచనా వేయకండి. పర్పుల్ లైన్ మెట్రో 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్‌ను కెంగేరి మీదుగా చల్లఘట్ట వరకు కలపడంతో మైసూరు రోడ్డు వైపు కళాశాలలు కొంత అందుబాటులోకి వచ్చాయి, అయినా ఇంటినుంచి రోజూ వెళ్ళగలరా అన్నది పనిరోజు పొద్దున ఒకసారి ప్రయాణించి చూస్తేగాని తేలదు. అదే సమయంలో నగరం దాటడానికి వెనుకాడవద్దు. మైసూరులో 1946లో మొదలైన ఎన్.ఐ.ఈ., తుమకూరులోని సిద్ధగంగ కళాశాల ప్రత్యామ్నాయ జాబితాలో ఉండదగినవని నా అభిప్రాయం. నగరం కొసన నిన్నమొన్న లేచిన అద్దాల భవనం కంటే వాటినే ముందు చూస్తాను.

ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల విషయంలో సీటు సులభం, డబ్బు కష్టం. అవి ఏప్రిల్ రాకముందే సీటు నిలుపుకోవడానికి అడ్వాన్సు అడుగుతాయి. 2019లో మా అబ్బాయికి ఒకచోట అలాగే కట్టాము. తరువాత కామెడ్‌కేలో సీటు రాగానే ఆ కార్యాలయానికి ఫోను చేసి రావడం లేదని చెప్పాను. "సరే సార్, నోట్ చేసుకున్నాము" అన్నారు. డబ్బు కోసం అడిగినప్పుడు మాత్రం రాతపూర్వకంగా ఇవ్వమన్నారు, నా ఉత్తరం చేరేసరికి ప్రవేశాల చివరి తేదీ దాటి ఎనిమిది రోజులైంది. 2018 అక్టోబరులో యూజీసీ ప్రకటించిన నిబంధనల ప్రకారం, చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే స్వల్ప ఖర్చులు పోను పూర్తి రుసుము, ఆ తరువాత చివరి తేదీలోపు అయితే 90 శాతం, దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం తిరిగి ఇవ్వాలి, ఆపైన ఏమీ రాదు. నా ఫోనుకు విలువ లేక ఐదోవంతు పోయింది. ఇటీవలి కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా అనుకూలమైన ఆదేశాలిచ్చింది కనుక ఆ ఏడాది ఆదేశాన్ని చూసుకోండి. అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకునే హక్కు ఏ కళాశాలకూ లేదని కూడా గుర్తుంచుకోండి.

ఇంజనీరింగే కావాలా అన్నది కూడా జాబితా వేసేటప్పుడే అడగదగిన ప్రశ్న. గణితం ఇష్టమున్న పిల్లలకు మంచి కళాశాలలో బీఎస్సీ, దానితోపాటు ఐఐటీ మద్రాసు 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్సు కోర్సు, నాసిరకం ఇంజనీరింగ్ సీటు కంటే మేలు. లాంగ్ టర్మ్‌కు, అంటే మరో ఏడాది శిక్షణకు, వెళ్ళాలనుకుంటే జేఈఈ మెయిన్ వరుసగా మూడేళ్ళు, అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళు మాత్రమే రాయనిస్తారన్నది లెక్కలోకి తీసుకోండి. నా మట్టుకు, సీటు చేతిలో ఉండి కూడా కావాలని ఎంచుకుంటేనే లాంగ్ టర్మ్. వేరే దారి లేక వెళ్ళేవారికి ఆ ఏడాది చాలా బరువుగా నడుస్తుంది.

చివరగా, కోరుకున్న సీటు ఖాయమైన రోజునే మిగిలినవాటిని వదిలేయండి. ప్రవేశం రద్దు కోరుతూ దరఖాస్తు సంఖ్య, రసీదు సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలతో ఈ-మెయిల్ పంపి, అదే పాఠాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపి, ఆ పోస్టు రసీదును కట్టిన రుసుము రసీదుకు పిన్ను చేసి ఉంచండి.