బ్యాడ్జర్ వెంట్రుకల షేవింగ్ బ్రష్: రకాలను పోల్చి చూడడం ఎలా?

బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలతో చేసే ఈ బ్రష్‌ను విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, పెట్టెపై ఉండే ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అనే పేర్లకు తయారీదారులందరూ పాటించే ఒకే ప్రమాణం లేదు కనుక, పేరును పక్కనపెట్టి వెంట్రుకనే పరిశీలించాలి. ముదురు రంగులో, కాస్త గరుకుగా ఉండేది ప్యూర్. కొనలు కత్తిరించి ఆకారం తెచ్చినదైతే చర్మానికి గుచ్చుకుంటుంది. సిల్వర్‌టిప్‌లో వెంట్రుక మధ్యలోని నల్లని పట్టీకి పైనున్న కొన సహజంగానే తెల్లగా, మెత్తగా ఉండి, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. అయితే తక్కువ రకపు కొనలను బ్లీచ్ చేసి తెల్లబరచడమూ ఉంది కాబట్టి, తెలుపును మాత్రమే చూసి డబ్బు చెల్లించకూడదు. తడిపిన కుచ్చును చెంపపై గుండ్రంగా తిప్పి చూడడమే నమ్మదగిన పరీక్ష (దుకాణదారు ఒప్పుకుంటే). గట్టి సబ్బు బిళ్ళ వాడేవారికి, అందులోనూ నురగ సరిగా రాని బోరునీటితో గడ్డం గీసుకునేవారికి, నా ఉద్దేశంలో ప్యూర్ లేదా బెస్ట్ చాలు. వాడిన తరువాత కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి.