‘డార్క్ విక్టరీ’ని ఎలా చూడాలి

1939లో వార్నర్ బ్రదర్స్ సంస్థ నిర్మించిన ‘డార్క్ విక్టరీ’ని కేవలం కన్నీటి కథగా కాక, ఏ ఘట్టంలో ఎవరికి ఏమి తెలుసు, ఎవరు ఎవరి దగ్గర దాస్తున్నారు అన్న లెక్క మనసులో పెట్టుకొని చూడాలి. మెదడులో కణితి ఉన్న ధనిక యువతి జూడిత్ చివరికి మరణిస్తుందని ముందే తెలిసినా నష్టమేమీ లేదు. గంటా ముప్పావు సినిమాను వీలైనంత వరకు ఒకే విడతలో చూడండి. జూడిత్‌గా నటించిన బెటీ డేవిస్ మాటలను చాలా చోట్ల పరుగెత్తిస్తుంది కనుక సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మంచిది. ఆ పరుగు పాత్రలోని భయానికి వేసిన ముసుగేనని కాసేపటికి అర్థమవుతుంది.

డాక్టర్ స్టీల్ ఆమెను మొదటిసారి పరీక్షించే ఘట్టంలో సంభాషణ కన్నా చేతుల మీద దృష్టి నిలపండి. తనకేమీ లేదని ఆమె వాదిస్తూనే ఉంటుంది. చేతి మీద కాలిన గుర్తులు మాత్రం ఆమెకు స్పర్శజ్ఞానం పోతున్నదని ఆయనకు చెప్పేస్తాయి. మాట ఒకటి, శరీరం మరొకటి చెప్పడం ఇక్కడే మొదలవుతుంది.

శస్త్రచికిత్స తరువాత జబ్బు తిరగబెడుతుందన్న సంగతిని డాక్టరూ స్నేహితురాలు ఆన్ కలిసి ఆమెకు చెప్పకుండా దాచడం నేటి ప్రేక్షకుడికి కోపం తెప్పించవచ్చు. అయితే షికాగోలోని ఒక ఆసుపత్రిలో జరిపి 1961లో ప్రచురించిన సర్వేలోనూ దాదాపు 90 శాతం వైద్యులు క్యాన్సర్ సంగతిని రోగికి చెప్పకపోవడమే తమ పద్ధతి అన్నారని గుర్తుంచుకుంటే, స్టీల్‌ను దుర్మార్గుడిగా కాక ఆ కాలపు వైద్యుడిగా చూడగలుగుతాము. తన ఫైలు తానే చదివిన జూడిత్, హోటల్లో వారిద్దరి ఎదుట ఆ వైద్యపరిభాషనే భోజనం ఆర్డరుగా చెప్పే ఘట్టం, నా దృష్టిలో, ఏడ్చే ఘట్టాలన్నిటికన్నా పదునైనది. గుర్రాల శిక్షకుడిగా హంఫ్రీ బోగార్ట్ పాత్ర అంత అతకలేదు. దాని మీద ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

చివరి ఘట్టాలలో మాత్రం ఎక్కడా ఆపవద్దు. వెర్మాంట్‌లోని ఇంటి తోటలో పూలమొక్కల దుంపలు నాటుతూ, చేతులకు ఎండ వేడి తగులుతూనే ఉన్నా వెలుగు మసకబారుతున్నదని గ్రహించిన జూడిత్, మరణం దగ్గరపడిందనడానికి గుర్తుగా చూపు పోయిన సంగతి, ఇప్పుడు తన భర్త అయిన స్టీల్‌కు తెలియకుండా అతన్ని న్యూయార్క్ ప్రయాణానికి సాగనంపుతుంది. మొదట డాక్టరు రోగి దగ్గర దాచినదాన్ని ఇప్పుడు రోగి డాక్టరు దగ్గర దాస్తున్నది. నొప్పి లేకుండా, చెప్పిన వేళకు వచ్చే ఈ మరణం వైద్యశాస్త్రం కన్నా కథకే ఎక్కువ అనుకూలమైనది. ఆ మాత్రం ఒప్పుకొని చూడాలి. రెండోసారి చూసేటప్పుడు మాక్స్ స్టైనర్ సంగీతం వినబడకుండా శబ్దం పూర్తిగా తగ్గించి ఈ భాగాన్ని చూస్తే, డేవిస్ ముఖం ఎంత పని చేసిందో తెలుస్తుంది.

పోల్చి చూడాలనుకునే తెలుగువారికి ‘ప్రేమాభిషేకం’ (1981) చేతికందే ఉదాహరణ. అందులో ప్రియురాలిని దూరం చేయడానికి, క్యాన్సర్ వచ్చిన నాయకుడు ఆమె కళ్లలో చెడ్డవాడవుతాడు. జూడిత్ మాత్రం భర్తను నవ్వుతూనే పంపిస్తుంది.