రోజూ తాగే మనిషి మందు మానేస్తే మొదటి నాలుగు రోజులు ఎలా దాటించాలి?

"రేపట్నుంచి చుక్క ముట్టను" అంటే ఇంట్లోవాళ్లకి పండగే. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ జోరుకి కళ్లెం ఉండదు. వణుకు, ఫిట్స్ వచ్చేది అందుకే. ఇదేమీ అరుదైన సంగతి కాదు: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2019లో 20 కోట్లకు పైగా జనం మద్యానికి బానిసలు.

1. ముందు డాక్టర్‌ని కలవండి. రోజూ ఎంత తాగుతారో ఆ మనిషిని అడిగితే సగమే చెబుతారు. వారం రోజుల సీసాలు లెక్కపెట్టి మీరే చెప్పండి. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, పొద్దున్నే చుక్క పడందే చేతులు నిలవకపోయినా ఆసుపత్రిలోనే మానాలి. డాక్టర్ దొరికేదాకా ఒక్కసారిగా ఆపించకండి.

2. చివరిసారి తాగిన టైం కాగితం మీద రాయండి. 6 నుంచి 24 గంటల్లో చెమటలు, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విప్పమనండి, వణుకు ఎంతుందో తెలుస్తుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. అసలు గండం రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా: దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతున్నా, ఎక్కడున్నారో తెలియకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. వెంటనే అంబులెన్స్.

3. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. నోట్లో చెంచా, తాళాలు పెట్టొద్దు. ఆగినా సరే ఆసుపత్రికే.

4. వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే డయాజెపామ్ లాంటి మాత్రలు డాక్టర్ రాసిన లెక్క ప్రకారమే ఇవ్వాలి, మీ చేతిలోనే ఉంచుకోవాలి. అవి వేసుకుని పైన మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. "ఓ గ్లూకోజ్ సీసా ఎక్కించండి" అని అడిగేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: తాగేవాళ్లలో థయమిన్, అంటే బి1 విటమిన్, తరిగిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు, నడక, జ్ఞాపకశక్తి చెడిపోవచ్చు. తాగుడు సంగతి నర్సుకి దాచకండి. పరువు కోసం చాలామంది దాచేది అక్కడే.

5. తెలియకుండా కూరలో కలిపే "మాన్పించే మందు" జోలికి పోవద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద తాగినప్పుడు గుండెదడ పుట్టి, బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. చెప్పి, ఒప్పించి, డాక్టర్ కనుసన్నల్లో వాడాల్సిన మాత్ర అది.

ఐదో రోజుకి చేతులు నిలుస్తాయి, ఆకలి పుడుతుంది. తాగాలన్న యావ మాత్రం పోదు. దాన్ని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ గురించి డాక్టర్‌ని అప్పుడే అడగండి.