పార్కులు, పాత కట్టడాల సంరక్షణ: హైదరాబాద్‌లో ఉండి ఎలా చదవాలి

ఎండాకాలంలో ఒక ఎకరం పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల లెక్కన నీళ్ళు పెట్టినా దాదాపు 20,000 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఆ పచ్చిక ఏ పాత సమాధి గోడనో ఆనుకుని ఉంటే, కొంత నీరు పునాదిలోకి దిగి రాతిలోంచి, సున్నంలోంచి పైకి పాకుతుంది. నీరు ఆరిపోయాక అందులోని ఉప్పు గోడలోనే మిగిలి, గచ్చును పొడిపొడిగా రాలుస్తుంది. తోట చూసేవాళ్ళకు గోడ సంగతి తెలియకపోతే, గోడ చూసేవాళ్ళకు తోట సంగతి పట్టకపోతే జరిగేది ఇదే. గోల్కొండ అయినా, కుతుబ్ షాహీ సమాధులున్న 106 ఎకరాల హెరిటేజ్ పార్కు అయినా, మన ఊళ్ళో చెట్టూ కట్టడమూ ఒకే నేలమీద ఉన్నాయి. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళకు మేం చెప్పే మొదటి మాట: ఏ కోర్సులో చేరినా సరే, ఆ కోర్సు నేర్పని రెండో సగాన్ని సొంతంగా నేర్చుకోండి.

ఇంటర్ గ్రూపు దగ్గరే చాలా తేలిపోతుంది

బైపీసీ వాళ్ళకు అడవి, తోటల దారి. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడి నాలుగేళ్ళ బీఎస్సీ ఫారెస్ట్రీకి ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు కావాలి. రామప్ప గుడి ఉన్న ములుగు జిల్లా వేరు, ఈ ములుగు వేరు, బస్సెక్కేముందు చూసుకోండి. కొండా లక్ష్మణ్ హార్టికల్చర్ యూనివర్సిటీ కూడా ఈ ములుగులోనే ఉంది, దాని కాలేజీల్లో ఒకటి రాజేంద్రనగర్‌లో ఉంది. కార్పొరేషన్ పార్కులు, నర్సరీలు, పెద్ద ఉద్యానవనాల వైపు వెళ్ళాలంటే ఫారెస్ట్రీ కంటే హార్టికల్చరే దగ్గరి దారి.

ఎంపీసీ వాళ్ళు మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఐదేళ్ళ బీఆర్క్ చదవొచ్చు. దానికి నాటా (ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ పరీక్ష) లాంటి ప్రవేశ పరీక్ష స్కోరు, ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్ కావాలి. ఆ తర్వాత కట్టడాల సంరక్షణలో ఎంఆర్క్‌కు ఢిల్లీ, భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు, ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌కు ఢిల్లీ, విజయవాడ ఉన్నాయి. పార్కు, కట్టడం రెండూ చేతిలో ఉండాలనుకునేవాళ్ళకు మా ఓటు ల్యాండ్‌స్కేప్‌కే.

చరిత్ర ఇష్టమైనవాళ్ళు డిగ్రీ తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రంలో ఎంఏ చేయొచ్చు. దానిమీద గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ళ పీజీ డిప్లొమా చేస్తే కేంద్ర పురావస్తు శాఖ ఉద్యోగాలకు బలం వస్తుంది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఫారసీ లిపి చదవడం ఇప్పుడే మొదలుపెట్టాలి. కుతుబ్ షాహీ శాసనాల్లో ఎక్కువ భాగం అరబ్బీ, ఫారసీల్లోనే ఉన్నాయి. కెమిస్ట్రీ వాళ్ళు తమకిక్కడ పనిలేదనుకుంటారు కానీ, రాయిని, లోహాన్ని, కాగితాన్ని శాస్త్రీయంగా శుభ్రపరిచే పనికి కావలసింది వాళ్ళే. లక్నోలోని జాతీయ సంరక్షణ ప్రయోగశాల అందుకే పనిచేస్తోంది. మన సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ అలాంటి ల్యాబ్ ఉంది.

ఐఎఫ్ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) గురించి ఒక హెచ్చరిక. ఇది యూపీఎస్సీ పరీక్ష. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది కాబట్టి, ఏ డిగ్రీ అయినా సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యంలో ఏదో ఒకటి ఉండాలి, లేదా అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ అయినా ఉండాలి. బీఏ హిస్టరీతో రాయలేరు. ఫారెస్ట్రీ చదవనివాళ్ళు కూడా దాన్ని ఆప్షనల్‌గా తీసుకోవచ్చు.

నడక పరీక్ష

రాష్ట్ర అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ కొలువుకు ఇంటర్ చాలు. టీజీపీఎస్సీ రాతపరీక్ష దాటాక నడక పరీక్ష ఉంటుంది: 4 గంటల్లో మగవాళ్ళు 25 కిలోమీటర్లు, ఆడవాళ్ళు 16 కిలోమీటర్లు. 25 కిలోమీటర్లంటే ఒక్కో కిలోమీటరు 9 నిమిషాల 36 సెకన్లలో పూర్తి కావాలి. మామూలుగా మనం నడిచేది గంటకు 5 కిలోమీటర్లు, ఇక్కడ 6.25 కావాలి. 8 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికొక రోజు సుదూర నడక పెట్టుకుని, ప్రతి వారం 2 కిలోమీటర్లు పెంచుకుంటూ పోతే మూడు నెలల్లోపే 25కు చేరతారు. ఫెయిలయ్యేవాళ్ళలో ఎక్కువమందిది ఊపిరి సమస్య కాదు, పాదాల సమస్య: కొత్త బూట్లు, తడిసి ముద్దయ్యే నూలు సాక్సులు, పెరిగిన గోళ్ళు. మొదటి 10 కిలోమీటర్లు ఉత్సాహంతో పరుగులాంటి నడక నడిచి, చివర్లో కుంటుతారు.

కట్టడాన్ని కొలవడం

ఇక అసలైన పని. మీ ఇంటి దగ్గర్లోని చిన్న కట్టడం ఒకటి ఎంచుకోండి: ఒక కమాను, ఒక చిన్న సమాధి, ఒక మెట్లబావి. చార్మినార్‌తో మొదలుపెట్టొద్దు. కావలసినవి 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, తాపీమేస్త్రీలు నిలువు చూసే గుండు, రసమట్టం, సుద్దముక్క కాదు సుమా, పెన్సిలూ అట్టా. గోడమీద ఏ గుర్తూ పెట్టకూడదు.

ముందు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొలతల్లేకుండా కంటితో ప్లాను గీసుకోండి. తర్వాత ఒక మూలను సున్నాగా పెట్టుకుని, 30 మీటర్ల టేపు గోడ పొడవునా పరిచి, తలుపు అంచు, గూడు అంచు, స్తంభం అంచు ఎక్కడెక్కడ వస్తున్నాయో ఆ ఒక్క సున్నా నుంచే చదవండి. ముక్కముక్కగా కొలిచి కూడితే, ఒక్కోచోట అర సెంటీమీటరు తప్పినా చివరికి గోడ పొడవే మారిపోతుంది. ఒకరు చదివితే ఇంకొకరు ఆ అంకె తిరిగి పలికి రాయాలి. గది కొలిచేటప్పుడు రెండు కర్ణాలు తప్పకుండా తీయండి. ఇది వదిలేసేవాళ్ళు ఇంటికెళ్ళి గదిని నలుచదరంగా గీసేస్తారు. పాత గదులు సరిగ్గా లంబకోణంలో ఉండడం అరుదు, ఆ వంకర నుంచే కట్టిన తీరు, కుంగిన తీరు తెలుస్తాయి. ప్లాను 1:50 స్కేలులో, చెక్కడాలుంటే 1:10లో గీయండి.

ఆ డ్రాయింగు మీదే జబ్బులు గుర్తించాలి: తేమ ఎంత ఎత్తుకు ఎక్కింది, ఉప్పు ఎక్కడ తెల్లగా పూసింది, గచ్చు ఎక్కడ ఊడింది, సిమెంటు ఎక్కడ పూశారు. పగులు కనబడగానే ప్రమాదమనుకోవద్దు. అది పాతదై ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నదే ప్రశ్న. దానికి పగులుకు అడ్డంగా సన్నని గాజుపట్టీ అతికించి, తేదీ రాసి వదిలేస్తారు. కట్టడం కదిలితే గాజు విరుగుతుంది. రక్షిత కట్టడం మీద ఇది శాఖ అనుమతితోనే చేయాలి.

గోడలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పీకేయాలని చేతులు ఊరుకోవు. వేరుతో పాటు రాళ్ళూ కదిలి వస్తాయి. ఊరికే కొట్టేస్తే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. గోడకు దగ్గరగా కోసి, కోసిన వెంటనే ఆ మొదలుకు మందు పూసి, వేరు పూర్తిగా చచ్చాక మాత్రమే తీసి, ఆ సందును సున్నంతో నింపాలి. విద్యార్థిగా మీ పని రాసుకోవడమే, కోయడం కాదు.

ఒకసారైనా జోరువానలో వెళ్ళండి. కప్పుమీది నీళ్ళు ఏ తూములోంచి పోతున్నాయి, ఏది మూసుకుపోయింది, నేలమీద నీళ్ళు ఎటు వాలుతున్నాయి అన్నవి ఎండలో తెలియవు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గరి బడీ బావ్లీ గోడ 2013 వానల్లోనే కూలింది. తిరిగి కట్టాక గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది.

డంగు సున్నం చేతికంటాలి

సున్నం గురించి చదివితే సగమే వస్తుంది. కళ్ళజోడు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఇనప బకెట్లో ముందు నీళ్ళు పోసి, అందులో కాల్చిన సున్నపురాయిని కొద్దికొద్దిగా వేయండి. రాయిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి ముఖంమీదికి చిమ్ముతుంది. వడగట్టి, పైన నీళ్ళు నిలిచేలా కనీసం మూడు వారాలు నాననివ్వండి. తొందరపడి వాడితే లోపల విరగని గుండ్లు తర్వాత ఉబ్బి, పూత చిట్లుతుంది. పాత మేస్త్రీలు ఇందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు.

మూడు పలకలు చేయండి: మొదటిదానికి సున్నం ఒక వంతు, కడిగిన ఇసుక మూడు వంతులు; రెండోదానికి సున్నం ఒకటి, ఇసుక రెండు, ఇటుకపొడి ఒకటి; మూడోదానికి సిమెంటు ఒకటి, ఇసుక ఆరు. పది పదిహేను రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచండి. మే నెలలో ఈ పట్టా మరిస్తే సున్నం పలకలు సాలెగూడులా పగులుతాయి, ఎందుకంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడడానికి సున్నానికి తేమ కావాలి. నెల తర్వాత మూడింటినీ తడిపి, ఏది ఎంతసేపట్లో ఆరిందో రాసుకోండి. సున్నం గోడమీద సిమెంటు పూస్తే లోపలి తేమకు బయటి దారి మూసుకుపోయి, ఆ పక్కనున్న మెత్తని ఇటుకా సున్నమూ ఎందుకు పాడవుతాయో ఈ పలకలు చూస్తే అర్థమవుతుంది.

చెట్ల లెక్క

పార్కులో 10 మీటర్ల నలుచదరంలో చెట్లు, అందులో 5 మీటర్లలో పొదలు, 1 మీటరులో గడ్డి, చిన్న మొక్కలు లెక్కపెట్టండి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలి; వాలు నేలయితే ఎగువ వైపు నిలబడి కొలవాలి. పేరు, కొలతతో పాటు మొదలు చుట్టూ సిమెంటు ఉందా, తొర్ర ఉందా, ఎటు వాలింది అన్నవీ రాయండి.

సర్కారు తుమ్మ, సుబాబుల్, లంటానా ఎక్కడెక్కడ ఉన్నాయో విడిగా మ్యాపు వేయండి. లంటానాను నేలమట్టానికి నరికితే మళ్ళీ వస్తుంది. మన్ను కొద్దిగా తవ్వి, 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును తెంచి, మొక్కను తలకిందులుగా పెట్టాలి, లేకపోతే అది మళ్ళీ నేల పట్టేస్తుంది. కాయ పండకముందే చేయాలి. మొత్తం ఒకేసారి తీసేస్తే పక్షులకు, చిన్న జంతువులకు మరుగు పోతుంది. ముక్కలు ముక్కలుగా తీస్తూ, తొలకరికి ఆ చోట్లో స్థానిక మొక్కలు పెట్టుకుంటూ పోవాలి.

కేబీఆర్, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని జాతీయ ఉద్యానాలు. అక్కడ ఇలాంటి సర్వేకు అటవీ శాఖ అనుమతి ఉండాలి, బాట దిగడానికి కూడా వీల్లేదు. నేర్చుకోవడానికి కాలనీ పార్కు చాలు.

ఎవరి చేతిలో ఏముందో

చార్మినార్, గోల్కొండ కోట కేంద్ర పురావస్తు శాఖవి. కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. సంజీవయ్య పార్కు హెచ్‌ఎండీఏది, కాలనీ పార్కులు జీహెచ్‌ఎంసీవి. చట్టాల్లో ముందుగా నాలుగు చదవండి: 1958 ప్రాచీన కట్టడాల చట్టం, 1972 వన్యప్రాణి చట్టం, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం), 2017 తెలంగాణ వారసత్వ చట్టం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణతో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణాలకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే కట్టాల్సిన నియంత్రిత ప్రాంతం అయ్యాయి. పాతబస్తీలో ఇల్లు బాగు చేసుకోవాలన్న ప్రతివాళ్ళూ మిమ్మల్ని మొదట అడిగేది ఇదే.

ఇంటర్న్‌షిప్‌కు రాసేటప్పుడు సర్టిఫికెట్ల కట్ట పంపొద్దు. ఒక కొలత డ్రాయింగు, దానిమీద గుర్తించిన జబ్బుల పటం, ఒక చెట్ల మ్యాపు, మీ సున్నం పలకలు ఆరిన సమయాల పట్టిక, అన్నీ కలిపి పది పేజీల లోపు. వారసత్వ సంరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ హైదరాబాద్ చాప్టర్‌కు, వారసత్వ శాఖకు, హెచ్‌ఎండీఏ అర్బన్ ఫారెస్ట్రీ విభాగానికి మార్చిలోనే పంపితే వేసవి సెలవులకు అనుమతులు కదలడానికి వ్యవధి ఉంటుంది. కాలేజీ నుంచి బోనఫైడ్, ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ కూడా జత చేయండి. అవి లేకపోతే ఫైలు మొదటి బల్ల దగ్గరే ఆగుతుంది.