టీఎమ్ఎస్ ఇస్తూ ఈఈజీ తీసేటప్పుడు ఆ క్లిక్ సౌండ్‌తో జాగ్రత్త

టీఎమ్ఎస్ అంటే తలమీద కాయిల్ పెట్టి అయస్కాంత పల్స్‌తో మెదడుని తట్టడం, ఈఈజీ అంటే మెదడు కరెంటుని ఎలక్ట్రోడ్ల క్యాప్‌తో కొలవడం. ఈ రెండూ కలిపి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళంతా డేటా ప్రాసెస్ చేయడానికి ఏ టూల్‌బాక్స్ (సాఫ్ట్‌వేర్) వాడాలి, ఐసీఏ (సిగ్నల్‌లోంచి చెత్తని విడదీసే పద్ధతి) ఎన్నిసార్లు రన్ చేయాలి అనే అడుగుతారు, అసలు పని సగం క్యాప్ పెట్టేటప్పుడే తేలిపోతుంది, అక్కడ చెడితే తర్వాత ఎంత కోడ్ రాసినా దండగే.

ముందురోజే మెసేజ్ పెట్టండి, తలస్నానం చేసి రమ్మని, నూనె రాసుకోవద్దని. మనవాళ్ళు కొబ్బరినూనె పట్టించుకుని వచ్చారంటే ఇంపీడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకి అడ్డు) చచ్చినా దిగదు. ఫిట్స్ ఉన్నాయా, తలలో మెటల్ గానీ కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఉందా, పేస్‌మేకర్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఎమ్ఆర్ఐలో టీ1 స్కాన్ (మెదడు ఆకారం చూపేది) ముందే తీసి పెట్టుకుంటే నావిగేషన్‌లో (కాయిల్ మెదడు మీద ఎక్కడుందో చూపే సిస్టమ్) కాయిల్ ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది.

క్యాప్ పెట్టాక దూది ఇయర్‌బడ్‌కి గరుకు జెల్ అద్ది, ఎలక్ట్రోడ్ రంధ్రంలోంచి చర్మాన్ని మెల్లగా రుద్దండి, ఇంపీడెన్స్ 5 కిలోఓమ్స్ కిందకి వచ్చేదాకా, కాయిల్ కిందకొచ్చే వాటికి ఇంకా ఓపిగ్గా. వైర్లు కాయిల్ హ్యాండిల్‌కి అడ్డంగా తిప్పండి. ఆంప్లిఫైయర్ టీఎమ్ఎస్‌ని తట్టుకునేదై ఉండాలి, శాంప్లింగ్ (సెకనుకి ఎన్ని రీడింగ్‌లు) 5000 హెర్ట్జ్ పెట్టండి.

ఇక క్లిక్ సంగతి. కాయిల్ పేలినప్పుడల్లా, అంటే పల్స్ వదిలినప్పుడల్లా వచ్చే టక్‌మనే శబ్దానికి కూడా మెదడు రెస్పాండ్ అవుతుంది, పల్స్ తర్వాత 100, 200 మిల్లీసెకన్ల దగ్గర అందమైన వేవ్ వస్తుంది. నా మొదటి డేటాలో అది చూసి అందరికీ చూపించి మురిసిపోయా, తర్వాత ఊరికే కాయిల్ తలకి దూరంగా పట్టుకుని పేలిస్తే అచ్చం అదే వేవ్! అందుకే ఇయర్‌ఫోన్స్‌లో మాస్కింగ్ నాయిస్ (క్లిక్‌ని కప్పేసే శబ్దం) పెట్టి "ఇప్పుడు వినిపిస్తోందా?" అని అడుగుతూ, చెవికి ఇబ్బంది లేనంతవరకే పెంచండి. శబ్దం ఎముకలోంచి కూడా వెళ్తుంది కాబట్టి కాయిల్ కింద పల్చటి ఫోమ్ పెట్టాలి. ఫోమ్ వల్ల దూరం పెరిగి ఫీల్డ్ తగ్గుతుంది, అందుకే మోటార్ థ్రెషోల్డ్ క్యాప్, ఫోమ్ రెండూ పెట్టాకే చూడండి, అంటే చేతి కండరంలో 10 పల్స్‌లకి కనీసం 5 సార్లు రెస్పాన్స్ 50 మైక్రోవోల్ట్స్ దాటే అతి తక్కువ ఇంటెన్సిటీ.

పల్స్‌ల మధ్య గ్యాప్ 2, 3 సెకన్ల మధ్య మారుస్తూ ఉండండి. ఓ 20 పల్స్‌లు అయ్యాక ఆగి యావరేజ్ చూడండి, మొదటి 10 మిల్లీసెకన్లలో వందల మైక్రోవోల్ట్స్ కొండలు కనిపిస్తే అది కండరమే, కణతల వైపు వెళ్ళేకొద్దీ ఎక్కువ, కాయిల్ యాంగిల్ కొంచెం తిప్పి మళ్ళీ చూడండి.

ఇంటికెళ్ళి ప్రాసెస్ చేసేటప్పుడు పల్స్ చుట్టూ ఉన్న ముక్క కోసి పూడ్చాకే ఫిల్టర్ వేయండి, ముందే వేస్తే ఆ స్పైక్ అటూ ఇటూ పాకిపోతుంది.